ఫోలిక్ యాసిడ్: చిత్తూరు సీమకు చేరిన దారి

గర్భంలోని శిశువుకు మెదడు, వెన్నుపాము మొదట ఒకే గొట్టంగా ఏర్పడతాయి. దీన్ని నాడీనాళం అంటారు. పలకలా పరుచుకున్న కణాల పొర అంచులు పైకి లేచి, ఒకదానితో ఒకటి అతుక్కుని, పిండం పడిన 28 రోజులకల్లా మూసుకుంటాయి. ఆ గొట్టం గోడలోని కణాలే నాడీ మూలకణాలు. పైకొస మూసుకోకపోతే మెదడు, పుర్రె పూర్తిగా రూపుదిద్దుకోవు. కింద మూసుకోకపోతే వెన్ను చీలికతో బిడ్డ పుడుతుంది. ఈ ముప్పును చాలావరకు తప్పించే బి విటమినే ఫోలిక్ యాసిడ్. తిరుపతి, చిత్తూరు పల్లెలకు అది వచ్చింది మాత్రం మరో పని మీద, రక్తహీనతకు మందుగా.

దాని కథ మొదలైంది కూడా రక్తహీనతతోనే. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయికి వచ్చి, నూలు మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో కనిపించే తీవ్ర రక్తహీనతను పరిశీలించారు. తర్వాత కూనూరులోనూ మద్రాసులోనూ పనిచేశారు. చిత్తూరు జిల్లా అప్పట్లో మద్రాసు రాజధానిలో భాగం. ఈస్ట్ సారంతో ఆ జబ్బు నయమవుతుందని ఆమె 1931లో ప్రకటించారు. అందులోని పదార్థమేదో తేలడానికి మరో పదేళ్లు పట్టింది. 1941లో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు టన్నుల కొద్దీ పాలకూర నుంచి దాన్ని వేరుచేసి, ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు.

ప్రయోగశాలలో దాన్ని తయారుచేసిన ఘనత తెలుగువాడు నాయకత్వం వహించిన బృందానిది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, 1922లో అమెరికా వెళ్లారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరులను బలితీసుకుంది, ఆయననూ పీడించింది. 1940లో లెడర్లీ అనే మందుల సంస్థలో చేరిన సుబ్బారావు ఆధ్వర్యంలో 1945లో ఫోలిక్ యాసిడ్ తయారైంది. స్ప్రూకు కూడా అది మందయింది. దానికి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్‌ను కూడా ఆయన బృందమే రూపొందించింది. అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో రక్తక్యాన్సర్ ఉన్న పిల్లల్లో దాన్ని వాడి తాత్కాలిక ఉపశమనం చూపారు. గర్భస్రావానికి ఆ మందు వాడినప్పుడు కొన్ని పిండాల్లో అవయవ లోపాలు కనిపించాయని 1952లో తేలింది. ఈ విటమిను, అంటే ఫోలేట్, అందకపోతే పిండానికి ఏమవుతుందో ఆ విషాదం చూపించింది.

రక్తానికీ మెదడుకూ ఈ విటమినుతో ఉన్న అవసరం ఒకటే. కణం రెండుగా చీలే ముందు తన డీఎన్ఏకు నకలు తీసుకోవాలి. అందులోని థైమిన్ తయారీకి ఫోలేట్ కావాలి. అది చాలకపోతే ఎముక మజ్జలో కణాలు పెద్దవవుతాయే గాని సరిగా విభజన చెందవు. విల్స్ చూసిన రక్తహీనత ఇదే. నాడీనాళంలోనూ మూలకణాలు వేగంగా పెరగాల్సిన వేళ ఆ కొరత అడ్డం పడుతుంది. ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఆగాలో నిర్ణయించే మిథైల్ గుర్తులకూ ఫోలేటే ఆధారం. ఎలుక పిల్లల నుంచి తీసి పెంచిన నాడీ మూలకణాలకు ఫోలిక్ యాసిడ్ ఇస్తే వాటి విభజన పెరిగిందని తర్వాతి ప్రయోగాలు చూపాయి.

మనుషుల్లో గట్టి రుజువు 1991లో దొరికింది. అంతకుముందు నాడీనాళ లోపంతో బిడ్డను కన్న తల్లులపై 7 దేశాల్లోని 33 కేంద్రాల్లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి అధ్యయనం జరిపింది. గర్భానికి ముందు నుంచే రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇస్తే, లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది.

అప్పటికే చిత్తూరు సీమలో ఈ మాత్ర పాతది. రక్తహీనత నివారణకు దేశవ్యాప్త పథకం 1970లో మొదలైంది. ఐరన్‌తో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ కలిపిన మాత్రలు గర్భిణులకు చేరాయి. అయితే ఐరన్ మాత్ర నాలుగో నెల నుంచి వేసుకునేది. నెల తప్పిందని తెలిసేసరికి పిండానికి రెండు వారాలు నిండుతాయి. నాడీనాళం మూసుకోవడానికి ఇక మిగిలేది మరో రెండు వారాలే. ఐరన్ మాత్ర మొదలయ్యే నాటికి నాడీనాళం ఎప్పుడో మూసుకుని ఉంటుంది.

అంతకుముందు నెలల్లో ఆధారం తిండే. పప్పుగింజలు, ఆకుకూరలు, వేరుశనగ ఫోలేట్ ఉన్నవే. అనపగింజలు నానబెట్టి, తోలు తీసి చేసే పితికిపప్పు సంక్రాంతి రోజుల్లో ఇక్కడ ఇంటింటా ఉంటుంది. ఈ విటమిను నీళ్లలో కరిగిపోతుంది, వేడికి కొంత నశిస్తుంది. ఉలవలు ఉడికించిన కట్టును పారబోయకుండా చారు కాస్తే కరిగిన ఫోలేట్‌లో కొంతైనా కంచంలోకి వస్తుంది. ఆకుకూరను ఎక్కువసేపు ఉడికించి నీళ్లు వంపేస్తే అదీ దక్కదు.

తర్వాతి పథకాలు గర్భం సంగతి తెలియకముందు ఉండే ఈ వ్యవధినే పట్టించుకున్నాయి. బడి ఆడపిల్లలకు వారానికొక ఐరన్, ఫోలిక్ యాసిడ్ నీలం మాత్ర వచ్చింది. 2018 నాటి రక్తహీనత నిర్మూలన మార్గదర్శకాలు గర్భానికి ముందు నుంచి మూడో నెల వరకు రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలన్నాయి. రేషన్ బియ్యంలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన గింజలు చేర్చారు. తేడాగా కనిపించే ఆ గింజలను ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసిన ఇళ్లున్నాయి. బియ్యపు పిండితోనే వాటిని చేస్తారు. గర్భం సంగతి తెలియకముందే రేషన్ తీసుకునే వారికి ఫోలిక్ యాసిడ్ అందే మార్గం అది.