గోలకొండ – మహారాష్ట్ర రాజ్యముల మైత్రి

నేలకొండపల్లి యనగానే కంచెర్ల గోపన్న స్మరణకు వచ్చును. ఆయన మేనమామలుగా ప్రసిద్ధి గాంచిన అక్కన్న, మాదన్నలు గోలకొండ ప్రభుత్వమున ప్రముఖులు. దక్షిణాపథమున రెండు రాజ్యముల నడుమ కుదిరిన యొక గొప్ప సంధి మాదన్న మంత్రిత్వము నాటిదే.

1636లో అబ్దుల్లా కుతుబ్‌షా మొగలు చక్రవర్తి షాజహానునకు లోబడి, ఏటేట కప్పము చెల్లించుటకు అంగీకరించెను. నాటినుండి గోలకొండకు ఉత్తరపు భయము తీరలేదు. 1674లో పట్టాభిషిక్తుడైన శివాజీకిని మొగలులే ప్రబల శత్రువులు. ఈ సమాన భయమే ఉభయులను దగ్గరకు చేర్చెను.

1677లో శివాజీ సైన్యసమేతుడై భాగ్యనగరమునకు వచ్చెను. తానీషా ఆయనను గౌరవముతో ఆదరించెను. ఒడంబడిక ప్రకారము కర్ణాటక దండయాత్రకు గోలకొండ దినమునకు 3,000 హొన్నులు, 5,000 సైన్యము, ఫిరంగులు సమకూర్చవలెను. జయించిన సీమలో తన తండ్రి షాహాజీ ఏలిన భాగము గాక మిగిలినదానిలో గోలకొండకు పాలు ఈయవలెను. శివాజీ జింజీ దుర్గమును గైకొనెను. 1678లో వేలూరు కోటయు మహారాష్ట్రుల వశమయ్యెను. గోలకొండకు మాత్రము ఆశించిన సీమ దక్కలేదు. తానీషా మనసు నొచ్చెను.

1680లో శివాజీ మరణించెను. 1686లో అక్కన్న, మాదన్నలు హతులైరి. ఆ యేడే బిజాపురమును, మరుసటి యేడు గోలకొండయు ఔరంగజేబు హస్తగతములయ్యెను. 1689లో శంభాజీయు బంధితుడై వధింపబడెను.

చిన్న రాజ్యములకు ఐకమత్యమే కోట. భయము వారిని కలుపగలదు. కలిపి నిలుపునది ఆడిన మాట నిలుకడయే.