పదో వంతు మాఫీ

మన బడి పిల్లలు యూనివర్సిటీ దాకా ఎలా వెళ్లగలిగారో రాయమని సంఘం కార్యదర్శి అడిగారు. ఎవరికి ఏ ర్యాంకు వచ్చిందో అందరం చెప్పుకుంటాం. ఆ చదువుకు డబ్బెక్కడిదో మాత్రం ఎవరూ ఎత్తరు.

మా తాతల కాలంలో పైచదువుకు సాయమంటే ఏదో ఒక దాత గుమ్మం ఎక్కడమే. కాకినాడలో మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఉండేది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920లలో అమెరికా వెళ్లగలిగారంటే ఆ సంస్థ ఇస్తానన్న సాయమూ, మామగారు కూడగట్టిన సొమ్మే ఆధారం. అంతటివారూ బోస్టన్‌లో దిగాక ఆసుపత్రిలో రాత్రిపూట పనిచేస్తూ చదువుకున్నారు. ఇక ఏ గుమ్మానికి వెళ్లాలో చెప్పేవాళ్లు లేని పిల్లల మాట చెప్పనక్కర్లేదు.

తర్వాత సర్కారు సాయం వచ్చింది. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లోనే మొదలైంది. 1948లో ఎస్టీలకూ ఇచ్చారు. 1963 ప్రాంతంలో కేంద్రం జాతీయ రుణ స్కాలర్‌షిప్ పెట్టింది. పేరుకు స్కాలర్‌షిప్, నిజానికి వడ్డీ లేని అప్పు. మార్కులూ చూసేవారు, ఇంటి ఆదాయమూ చూసేవారు. బాండు రాసివ్వాలి. సంపాదన మొదలయ్యాక వాయిదాల్లో తీర్చాలి. అయితే టీచరు ఉద్యోగంలో చేరినవాళ్లకు పనిచేసిన ప్రతి ఏడాదికీ అప్పులో పదో వంతు మాఫీ. పదేళ్లు పాఠాలు చెబితే బాకీ చెల్లిపోయినట్టే. ఆ తరంలో మనవాళ్లు అంతమంది బడిపంతుళ్లు కావడానికి ఆదర్శం ఒక్కటే కారణమని నేననుకోను.

నాది 1971 పదో తరగతి బ్యాచ్. ఫలితాలు వచ్చిన వారానికి హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి పేపర్లో ప్రకటన చూపించారు. ‘మీ బెంచీవాడికి కూడా చెప్పు, వాడికీ వస్తుంది’ అన్నారు. మా నాన్న బాండు మీద సంతకానికి రెండు రోజులు తీసుకున్నాడు. ధాన్యం షావుకారు దగ్గర తప్ప ఎక్కడా అప్పు రాసి ఎరగడు. సర్కారు బాకీ తీర్చకపోతే ఇల్లు జప్తు చేస్తారా అని కరణంగారిని అడిగొచ్చి మరీ పెట్టాడు.

నా బెంచీవాడికి నేను చెప్పలేదు. వాడికి నాకంటే పదకొండు మార్కులు ఎక్కువ. స్కాలర్‌షిప్పులు కొన్నే ఉంటాయి, వాడికిస్తే నాకు రాదేమోనని భయం. గడువు దాటాక ‘మర్చిపోయానురా’ అన్నాను. నేను ఆ డబ్బుతోనే ఇంటర్, డిగ్రీ, వాల్తేరులో ఎమ్మెస్సీ చదివాను. వాడు రైసుమిల్లులో గుమస్తాగా చేరాడు. నేను లెక్చరర్నయ్యాను, పదేళ్లకు నా అప్పు రద్దయింది.

సంఘం పెట్టిన ఏడాది స్కాలర్‌షిప్ ప్రకటనలు బడి బోర్డు మీద అంటించే పని నేనే అడిగి తీసుకున్నాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక వాడి చిన్నకూతురు ఇంజనీరింగ్ చదివింది. దరఖాస్తు నింపింది నేనే. సర్కారు సొమ్ము ఆలస్యమైందని ఆ కాలేజీవాళ్లు సర్టిఫికెట్లు ఇవ్వకుండా తిప్పితే వాడితో పాటు నేనూ మూడుసార్లు తిరిగాను. బస్సులో పక్కపక్కనే కూర్చున్నా నోరు పెగల్లేదు.

ఈ వ్యాసం అచ్చుకిచ్చే ముందు వాడికి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, ‘హెడ్మాస్టరు గారు నా పేరు కూడా చెప్పారా?’ అని అడిగాడు. చెప్పారన్నాను. ఆయన మాట రాసిన వాక్యం ఇంకోసారి చదవమన్నాడు.