అద్దెకుండే పేట

ఆషాఢం దాటి శ్రావణం వచ్చిందంటే నరసరావుపేటలో కాపురాలు కదులుతాయి. ప్రకాశ్‌నగర్‌లోనో, అరండల్‌పేటలోనో ఏ సందులో చూసినా ట్రక్కు ఆటోలే. బీరువా, దాని పక్కన ఫ్రిజ్జు, పైన పరుపుల చుట్ట, చివర ఒళ్ళో తులసి కుండీ పెట్టుకుని కూర్చున్న ఇల్లాలు. శూన్యమాసమంతా ఆపుకున్న మార్పులన్నీ ఆ నాలుగు వారాల్లోనే జరగాలి. చేరేది అద్దె ఫ్లాటే అయినా దేవుడి పటం ముందు లోపలికి వెళ్ళాలి, పొయ్యి మీద పాలు పొంగాలి. ఆ తర్వాతే సామాను దించుతారు. చేతిలో ఉన్న అగ్రిమెంటుకు ఆయుష్షు పదకొండు నెలలే అయినా ఆ తంతు మాత్రం తప్పదు.

ఇలా వచ్చి చేరేవాళ్ళతోనే ఈ ఊరు పెరిగింది. ఒకప్పుడు ఇక్కడ ఉన్నది అట్లూరు అనే పల్లె. మల్రాజు వంశపు జమీందారు నరసారావు 1797లో ఇక్కడ పేట కట్టించాడని చెబుతారు. ఊరికి ఆయన పేరే నిలిచింది. జమీందారీ లెక్కలు రాసేవాళ్ళు, షావుకార్లు, చేతిపనులవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చి దాని చుట్టూ స్థిరపడ్డారు. కంపెనీ దొరల పాలన గట్టిపడ్డాక తాలూకా కచేరీ వచ్చింది, కోర్టు వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దం ముగిసేలోగా గుంటూరు నుంచి గుంతకల్లు వైపు మీటరు గేజి రైలూ వచ్చింది. 1915లో పేట మునిసిపాలిటీ అయింది.

కచేరీ ఉన్నచోట గుమస్తాలుంటారు, కోర్టు ఉన్నచోట వకీళ్ళుంటారు. బదిలీ మీద వచ్చే ఉద్యోగికి సొంతిల్లు అక్కర్లేదు, తలదాచుకునే వాటా చాలు. అలా పుట్టినవే వరస వాటాలు. పొడుగాటి పెంకుటిల్లు ఒకటి, మధ్యలో అడ్డగోడలు, ఒక్కో వాటాకు ముందుగది, వంటిల్లు. కింద మాచర్ల వైపు గనుల నుంచి వచ్చిన నాపరాళ్ళు. పెరట్లో అందరికీ ఒకటే బావి, ఒకటే బట్టలుతికే బండ. ఇంటివాళ్ళు వీధి వైపు పెద్ద వాటాలో ఉండేవారు. ఎవరింటికి చుట్టాలొచ్చారో, ఎవరు చీకటి పడ్డాక ఎన్ని చేదలు తోడారో వాళ్ళకు తెలియకుండా ఉండేది కాదు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో పట్టణాల్లో అద్దెలు పెరిగేసరికి మద్రాసు ప్రభుత్వం అద్దెల మీద అదుపు పెట్టింది. ఆ తర్వాత 1949లో మద్రాసు చట్టం, 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చాయి. 1960 చట్టం ప్రకారం న్యాయమైన అద్దె తేల్చడానికి ఒక కొలమానం 1944 ఏప్రిల్ 5కు ముందు పన్నెండు నెలల్లో ఆ ప్రాంతంలో నడిచిన అద్దెలు. కారణం చూపకుండా, రెంట్ కంట్రోలరు ఉత్తర్వు లేకుండా ఖాళీ చేయించడానికి వీల్లేకపోయింది. అయితే జంట నగరాలను పక్కన పెడితే ఈ రక్షణ దానంతటదే వర్తించేది మునిసిపాలిటీలకే. పేటలో వాటాలో ఉన్న గుమస్తాకు అది దక్కింది. 1983 దాకా పంచాయతీగానే ఉన్న మాచర్లలో, 2020 దాకా పంచాయతీగానే ఉన్న గురజాలలో అద్దెకున్నవాళ్ళకు మాత్రం చాలావరకు ఇంటివాడి మాటే చట్టంగా నడిచింది.

పల్నాడు అద్దె కథను అసలు మలుపు తిప్పింది నీళ్ళు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. వేలాది కూలీలు, ఇంజనీర్లు, ఓవర్సీర్లు కృష్ణ ఒడ్డుకు తరలివచ్చారు. కుడిగట్టున మాచర్ల దగ్గర విజయపురి సౌత్ పేరుతో క్వార్టర్ల ఊరే వెలిసింది. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడికాలువ ఆఫీసులు, సిబ్బంది క్వార్టర్లు నరసరావుపేటను ఆనుకుని ఉన్న లింగంగుంట్లలో ఏర్పడ్డాయి. క్వార్టర్ అందని ఉద్యోగి పేటలో వాటా వెతుక్కున్నాడు.

కాలువ పారిన పొలాల్లో వరి, పత్తి, మిరప పండాయి. ఆ డబ్బు పేటకే వచ్చింది, రెండు దారుల్లో. కలిగిన రైతు టౌన్లో స్థలం కొని డాబా వేసి కింద, పైన అద్దెకిచ్చాడు. అంత స్తోమత లేని రైతు ఆ డాబాలోనే అద్దెకు దిగాడు, పిల్లల చదువు కోసం. 1950లో మొదలైన శ్రీ సుబ్బరాయ నారాయణ కళాశాల అప్పటికే పల్లెల పిల్లలను పేటకు లాగుతోంది. కాన్వెంట్లు, ట్యుటోరియళ్ళు, తర్వాత ఇంజనీరింగ్ కాలేజీలు ఆ పిలుపును పెంచాయి. తల్లి పిల్లలతో పేటలో, తండ్రి పొలంతో ఊళ్ళో. శనివారం సాయంత్రం బస్సులో బియ్యం మూట, కారం డబ్బా, నెయ్యి సీసా దిగేవి. కక్షలు ముదిరిన ఊళ్ళ నుంచి ప్రాణభయంతో ఇల్లూవాకిలీ వదిలి వచ్చిన కుటుంబాలు కూడా ఈ వాటాల్లోనే తలదాచుకున్నాయి.

ఇళ్ళు కట్టేవాళ్ళను ప్రోత్సహించాలని ప్రభుత్వం 1957 ఆగస్టు 26న, ఆ తర్వాత కట్టిన భవనాలను 1960 అద్దె చట్టం నుంచి మినహాయించింది. కాలం గడిచేకొద్దీ కొత్తిళ్ళే ఎక్కువయ్యాయి, చట్టం నీడలో మిగిలింది పాత పెంకుటిళ్ళే. ఈ మినహాయింపు చెల్లదని 1983లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ ఏడాది తిరక్కుండానే ప్రభుత్వం ఒక జీవో తెచ్చింది: కట్టి పదేళ్ళు దాటని ఇంటికి, వెయ్యి రూపాయలకు మించిన అద్దెకు చట్టం వర్తించదు. 2005 సవరణలో ఆ గడువు పదిహేనేళ్ళయింది, కార్పొరేషన్లు కాని ఊళ్ళలో అద్దె పరిమితి 2,000 రూపాయలయింది. పేటలో రెండు పడగ్గదుల ఫ్లాటు ఆ పరిమితి లోపల దొరకడం కష్టమైంది. చట్టం పుస్తకంలో ఉంది, అద్దెకుండేవాడు దాని బయట ఉన్నాడు.

పదకొండు నెలల కాగితం రాజ్యమేలింది ఈ సందులోనే. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు చేయించాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం అనేది; రాష్ట్రంలో 1999 నుంచి గడువు ఎంతైనా చేయించాల్సిందే. అయినా ఆ ఖర్చూ తిరుగుడూ తప్పించుకోవడానికి పన్నెండో నెల రాకుండా జాగ్రత్తపడే పాత అలవాటు పోలేదు. స్టాంపు పేపరు మీద ఇద్దరు సాక్షుల సంతకాలు, ఏటా ఇంత పెంచాలని ఒక వాక్యం, ఖాళీ చేసేటప్పుడు సున్నం ఖర్చు అడ్వాన్సులోంచి పట్టుకుంటామని ఇంకో వాక్యం. 2017లో రాష్ట్రం కొత్త అద్దె చట్టం చేసుకున్నా, చేతులు మారేది ఇప్పటికీ ఈ కాగితమే.

1987లో అపార్ట్‌మెంట్ల చట్టం వచ్చాక ఫ్లాట్ల పద్ధతి పెద్ద నగరాల్లో కుదురుకుని, మెల్లగా పేటకూ చేరింది. ఒకే కాపురం ఉన్న పాత ఇంటి స్థలంలో ఇప్పుడు నాలుగైదంతస్తులు, కింద బళ్ళు పెట్టుకునే చోటు, ఓ మూల వాచ్‌మన్ గది. పల్నాడు రోడ్డులో ఆసుపత్రులు పెరిగేకొద్దీ నర్సులు, ల్యాబు కుర్రాళ్ళు ముగ్గురు నలుగురు కలిసి ఒక ఫ్లాటు తీసుకోవడం మామూలైంది. బోరు నీళ్ళు వాడకానికి, క్యాను నీళ్ళు తాగడానికి. బావి దగ్గర తగాదా పోయి మోటారు ఎవరు వెయ్యాలి, మెయింటెనెన్సు ఎవరు ఎగ్గొట్టారు అన్న తగాదా వచ్చింది.

కొన్ని మాత్రం వాటాల కాలం నుంచి మారలేదు. టులెట్ బోర్డు చూసి వెళ్తే అద్దె మాట తర్వాత, ముందు వచ్చే ప్రశ్న ‘మీరేమిట్లండీ?’ అన్నదే. ఉద్యోగం చెబితే చాలదు, కులం చెప్పాలి. పేరు వినగానే ‘నిన్ననే ఇచ్చేశామండీ’ అన్న జవాబు విని మెట్లు దిగేవాళ్ళలో దళితులు, ముస్లింలు ఎక్కువ. చావు సంగతి ఇంకా కఠినం. అద్దెకున్నవాళ్ళు ఆసుపత్రిలో పోతే శవాన్ని గుమ్మం ఎక్కనివ్వని ఇంటివాళ్ళు రాష్ట్రమంతటా ఉన్నారు. అలాంటప్పుడు స్నానం, దండలు, ఏడుపులు అన్నీ శ్మశానం దగ్గరే ముగించాలి.

2011 లెక్కల్లో పేట జనాభా 1,17,489. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి, నరసరావుపేట దానికి కేంద్రమైంది. ఒకప్పుడు సాగర్ కాలువ ఆఫీసులు వెలిసిన లింగంగుంట్లకు ఇప్పుడు కలెక్టరేటు వచ్చింది. జిల్లా ఆఫీసులతోపాటు బదిలీ మీద వచ్చిన ఉద్యోగుల్లో కొందరు గుంటూరు నుంచి రోజూ నలభై ఐదు కిలోమీటర్లు వచ్చిపోతున్నారు, మిగతావాళ్ళు ఫ్లాట్లు చూసుకున్నారు. వాళ్ళు అద్దె కట్టే ఓనర్లలో హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటున్నవాళ్ళు తక్కువేం కాదు. వరస వాటాల్లో ఇంటివాళ్ళు వీధి గదిలో కూర్చుని నెల మొదటి తారీఖున చేయి చాపేవాళ్ళు. ఇప్పుడు ఫోన్‌పేలో అద్దె వేసి, కుళాయి కారుతోందని మెసేజీ పెట్టి, ఓనరు అమెరికాలో ఉంటే అక్కడ తెల్లవారేదాకా ఆగాలి.