కొండవీటి వసంతం వెనుక సముద్రం

వసంతోత్సవాల మత్తులో కొండవీటి రెడ్డిరాజు కుమారగిరిరెడ్డి రాజ్యం పోగొట్టుకున్నాడన్నది మన నోళ్లలో నానిన కథ. 1957లో సినారె కావ్యం ‘కర్పూర వసంతరాయలు’ వచ్చాక ఆస్థాన నర్తకి లకుమ నాట్యంతో పాటు ఆ కాలానికంతా కావ్యశోభ అబ్బింది. కావ్యంగా దానికి తిరుగులేదు. చరిత్రగా తీసుకుంటేనే చిక్కు.

ఈ వేడుక రెడ్డిరాజులు కనిపెట్టింది కాదు. హాలుడి గాథాసప్తశతి నాటికే జనం ఫాల్గుణోత్సవం చేసుకునేవారు. కొండవీటి ప్రత్యేకత ఆ వేడుకలో చల్లే కర్పూరం. అది ఈ నేల పంట కాదు. సుమత్రా వంటి తూర్పు దీవుల నుంచి ఓడల్లో రావలసిందే. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం సుంకాలు నిర్ణయించిన సరుకుల్లో కర్పూరం, చందనం ఉన్నాయి. 1358లో కొండవీటి రాజు అనవోతారెడ్డి అక్కడే మరో శాసనం వేయించి, సుంకాలు తగ్గించి, వర్తకులకు అభయమిచ్చాడు. కుమారగిరి 1386లో గద్దెనెక్కేనాటికి ఆ రేవు విధానం పాతబడిన ఆచారం.

శ్రీనాథుడి హరవిలాసం అంకితం పొందిన అవచి తిప్పయసెట్టి కుమారగిరి ఉత్సవాలకు సుగంధద్రవ్యాలు అందించిన వర్తకుడు. సింహళపు ఏనుగులు, హురుమంజి గుర్రాలు కూడా ఆ కుటుంబం తెప్పించేదట. కృతిభర్తను పొగిడే పద్యాలను సుంకం లెక్కలుగా చదవకూడదు నిజమే. అయినా రేవు శాసనాలు, కావ్యం చూపే దారి ఒకటే. రాజు చల్లిన కర్పూరం, తన రేవుకు వచ్చే ఓడలకు తానిచ్చిన గిరాకీ కూడా. పైగా ఆ రాజు నాట్యం మీద వసంతరాజీయం రాసిన పండితుడు.

పతనానికి కారణాలు వేరే ఉన్నాయి. శ్రీశైల ప్రాంతం విజయనగరం పాలైంది. రాజమహేంద్రవరం బావమరిది కాటయవేముడి చేతికి పోయి, దాయాదుల పోరు ముదిరింది. రాచకొండ వెలమలతో వైరం ఆగలేదు. అయినా కుమారగిరి తరువాత కొండవీడు మరో రెండు దశాబ్దాలు నిలిచింది. అలాగని ఉత్సవ భారం ప్రజల మీద పడలేదని నా వాదన కాదు. రాజు వినోదానికి కొంతైనా మూల్యం చెల్లించేది రైతే.

ఇవాళ ఉగాది వేదికల మీద కుమారగిరి పేరు కర్పూర వసంతరాయలనే బిరుదుగానే వినిపిస్తుంది, వర్తకుడి ఊసుండదు. బాపట్ల జిల్లాలో మోటుపల్లి ఒక చిన్న పల్లెగా మిగిలింది. కొండవీడు కోట ఎక్కే పాఠకులు ఒక పూట మోటుపల్లి వీరభద్రాలయానికీ కేటాయించాలి. గణపతిదేవుడి శాసనం అక్కడే ఉంది.