పోర్ట్ ఫార్వర్డింగ్ ఘర్షణ

ఒకే ఇంటర్నెట్ చిరునామా వెనక ఉన్న రెండు పరికరాలు రూటర్‌లో ఒకే పోర్టు నంబరు కోరినప్పుడు వచ్చే చిక్కు. సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో గోడకు గోడ ఆనుకున్న రెండు కొట్లు ఒకే కనెక్షన్ పంచుకున్నాయనుకుందాం. జనం గుమిగూడే చోట్ల సీసీ కెమెరాలు తప్పనిసరి చేసిన 2013 నాటి ప్రజా భద్రతా చట్టం వచ్చాక ఇద్దరూ రికార్డర్లు బిగించుకున్నారు. రెండూ ఒకే కంపెనీవి; తయారీలోనే రెండింటికీ పోర్టు 8000. బయటి నుంచి 8000కు వచ్చే ప్రతి పిలుపునూ రూటర్ ఒక్క పరికరానికే పంపగలదు. దాంతో బియ్యం వ్యాపారి ఇంట్లో ఫోన్ తెరిస్తే పక్క కొట్టు ఉల్లిగడ్డ బస్తాలు కనిపించవచ్చు, ఇద్దరిదీ ఒకే పాస్‌వర్డ్ అయితే. చాలామంది దాన్ని మార్చనే మార్చరు.

చాలా రూటర్లు ఒకే పోర్టుకు రెండో మళ్లింపు నియమాన్ని తీసుకోవు. విరుగుడు తేలికే: రెండోదానికి బయట 8001 ఇచ్చి, లోపల 8000కే మళ్లించాలి; ఫోన్ యాప్‌లోనూ ఆ నంబరే వేయాలి. పోర్టులు 65,535 వరకు ఉన్నాయి, వాటికి కరువు లేదు.

కరువు ఇంటర్నెట్ చిరునామాలకే. ఐపీవీ4 అనే చిరునామా పద్ధతిలో ఉన్నవి సుమారు 430 కోట్లు. అందుకే సర్వీసు సంస్థలు ఒక్కదాన్నే ఎందరికో పంచుతాయి. ఆ అవసరానికే 2012లో 100.64 నుంచి 100.127 దాకా ఒక శ్రేణిని కేటాయించారు. రూటర్ బయటి చిరునామా అందులోది అయితే, కొట్టులో ఏ నియమం రాసినా బయటి పిలుపు లోపలికి చేరదు.