అయస్కాంతమునుండి విద్యుత్తు



ఇనుమును లాగు సూదిరాయియు, రుద్దినంతనే గడ్డిపోచను తనవంకకు తీసికొను తృణమణియు ప్రాచీను లెఱిగిన వింతలే. సూది అయస్కాంతము వంకకు కదలుటకు అదృష్టము కారణమని కణాదుడు వైశేషిక సూత్రములలో చెప్పెను. ఇచట అదృష్టమనగా కంటికి కానరాని కారణము. ఆ కానరానిదానిని కనుగొనుటకు మానవుడు పడిన శ్రమను నేడు మీకు విన్నవింతును.

ఈ రెండు వింతలును ఒక్కటి కావని స్పష్టముగా వేఱుచేసినవాడు గిల్బర్టు అను ఆంగ్ల వైద్యుడు. తృణమణిని రుద్దవలెను; అది తేలికయైన పెక్కు వస్తువుల నాకర్షించును. సూదిరాయిని రుద్ద నక్కఱలేదు. అది ఇనుమువంటి వానినే కోరును. 1600లో వెలువడిన తన లాటిను గ్రంథమున అతడీ భేదమును నిరూపించి, భూమియే యొక పెద్ద అయస్కాంతమని తెలిపెను. అటుపై రెండువందల యేండ్లకు పైగా ఈ రెండు శాస్త్రములును వేర్వేఱు త్రోవల నడచినవి.

1800లో ఇటలీ దేశస్థుడగు వోల్టా, విద్యుత్తును ఎడతెగక ప్రవహింపజేయు ఘటమాలను ప్రకటించెను. 1820లో కోపెన్‌హాగెను నగరమున అయిర్‌స్టెడ్డు అను ఆచార్యుడు, విద్యుత్తు ప్రవహించు తీగె చెంతనున్న దిక్సూచి ముల్లు ప్రక్కకు తిరుగుట కనుగొనెను. ఆ యేడే పారిసులో ఆంపియరు, ఒకే దిశను ప్రవాహముగల రెండు తీగెలు పరస్పరము ఆకర్షించుకొనునని చూపెను. విడిపోయిన రెండు శాస్త్రములు మరల కలిసికొనెను.

అంతట ఇంకొక ప్రశ్న పుట్టెను. విద్యుత్తు వలన అయస్కాంతగుణము కలుగుచున్నది గదా. మఱి అయస్కాంతము వలన విద్యుత్తు కలుగదా?

జెనీవా వాసియగు కొలడన్ 1825లో దీనిని పరీక్షించెను. తీగచుట్టకు విద్యుత్తును చూపు ముల్లుగల పరికరమును తగిలించి, అయస్కాంతపు ప్రభావము నేరుగా ముల్లుపై పడరాదని ఆ పరికరమును వేఱొక గదిలో నుంచెను. అయస్కాంతమును చుట్టలో దూర్చి, ఆ గదికి నడచి వెళ్లి చూచెను. ముల్లు నిశ్చలముగ నుండెను. అతడు గది చేరులోపలనే అది కదలి తన చోటికి మరలియుండెను! జాగ్రత్తయే అతనికి ఫలమును దక్కనీయలేదు.

ఆ కీర్తి మైకేలు ఫారడేకు దక్కెను. ఇతడు కమ్మరి కుమారుడు. బాల్యమున పుస్తకములకు అట్టలుకట్టు పని నేర్చినవాడు. గణితశిక్షణ మిక్కిలి స్వల్పము. 1831 ఆగస్టు 29వ తేదీన అతడొక ఇనుప కడియమునకు ఇరువైపుల రెండు తీగచుట్టలు చుట్టెను. మొదటి చుట్టను ఘటమాలకు తగిలించిన క్షణమున రెండవదానికి గల ముల్లు కదలి, వెంటనే నిలిచెను. విడదీసిన క్షణమున ఎదురు దిశకు కదలెను. ప్రవాహము స్థిరముగ నున్నంతసేపు ముల్లునకు చలనము లేదు. అక్టోబరు 17వ తేదీన ఘటమాల లేకయే, తీగచుట్టలోనికి అయస్కాంతపు కడ్డీని దూర్చియు వెలికి లాగియు ఆ ఫలమునే పొందెను.

పాఠశాలలో నేనీ ప్రయోగమును చూపినపుడెల్ల, “అయస్కాంతము లోపలనే యున్నది గదా, ముల్లేల నిలిచినదండీ?” అని బాలు రడుగుచుండిరి. రహస్యమంతయు ఆ ప్రశ్నలోనే యున్నది. అయస్కాంత ముండుట చాలదు, చుట్టలోని దాని ప్రభావము మాఱవలెను. మార్పు ఎంత వేగముగ నున్న, విద్యుత్తును నడపు ప్రేరణ అంత బలముగ నుండును. మార్పు నిలిచినంతనే ప్రేరణయు నిలుచును. విద్యుత్తు ఊరక లభించుట లేదు. అయస్కాంతమును కదల్చు మన శ్రమయే ఆ రూపమున మరల వచ్చుచున్నది.

కాగితముపై ఇనుపరజను చల్లి, క్రింద అయస్కాంతము నుంచినచో రజను వంపుగీతలుగ నేర్పడును. ఫారడే వీనిని బలరేఖలనెను. కణాదు డదృష్టమన్న దానికి ఇట్లొక ఆకృతి కన్పట్టెను. 1865లో మాక్స్‌వెల్ ఈ భావమునకు గణితరూప మొసగి, వెలుతురు సైతము విద్యుదయస్కాంత తరంగమేయని తేల్చెను.

నేడు శ్రీశైలమున కృష్ణాజలము యంత్రచక్రమును త్రిప్పుచున్నది. చక్రముతో విద్యుదయస్కాంతములు తిరుగును. వాని చుట్టు తీగచుట్టలు కదలక నిలిచియుండును. కాగితపు గొట్టముపై చుట్టిన తీగెలో ఫారడే కడ్డీని ఆడించిన పనినే అచట నది చేయుచున్నది. మన యిండ్లలోని దీపము లనేకము ఆ కదలికవలననే వెలుగుచున్నవి.