వట్టం ఎవరి నెత్తిన?

మా తాతగారి చిఠ్ఠా పుస్తకాలు రెండు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. ఆయనకు మధిరలో చిన్న కిరాణా కొట్టు ఉండేది. మధిర నైజాము రాజ్యం. సరుకు వచ్చే బెజవాడ ఇంగ్లీషువారి ఏలుబడిలోది. కొట్లో గల్లాపెట్టెలో పడేది హాలీ సిక్కా. బెజవాడ టోకు వర్తకుడికి కట్టవలసినది కల్దారు రూపాయి. ఆరు కల్దార్లకు ఏడు హాలీ రూపాయలన్నది సర్కారు లెక్క. బజారులో అది కొంచెం అటూ ఇటూ కదిలేదని ఇంట్లో పెద్దలు చెప్పుకొనేవారు. ఆ కదలికలో పోయే తరుగు పేరే వట్టం. చక్కని మాట, ఇప్పుడు నిఘంటువులలో నిద్రపోతున్నది. ఆ చిఠ్ఠాలో చాలా పద్దుల చివర తాతగారు "వట్టం మనది" అని రాసుకున్నారు. రెండే రెండుచోట్ల "వట్టం వారిది" అని ఉన్నది. ఆ రెండు పద్దుల వెనుక ఎంత వాదులాట జరిగిందో నాకు తెలియదు గాని, ఆ అక్షరాలు మాత్రం మిగిలిన వాటికంటే కొంచెం పెద్దవిగా ఉన్నాయి!

ఆ వాదులాటనే నేను ఇంగ్లండులో టెలివిజనులో చూస్తానని అనుకోలేదు. 2016 అక్టోబరులో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను, రెడింగులో. ఒక ఉదయం వార్తలన్నీ ఒక సీసా చుట్టూ తిరిగాయి. దాని పేరు మార్మైట్. బీరు కాచిన తరువాత మిగిలే పులియబెట్టు మడ్డితో చేసే లేహ్యం; చూపుకు తాటిబెల్లం పాకంలాగా నల్లగా, జిగటగా ఉంటుంది, నాలుక మీద వేసుకుంటే ఒట్టి ఉప్పు. వారు దానిని రొట్టెకు పూసుకొని తింటారు. నేను ఒకసారి రుచి చూసి, మర్యాదకు మింగి, మంచినీళ్ళు తాగాను. ఆ సీసా కోసం ఒక రాజ్యమంతా రెండు రోజులు మాట్లాడుకున్నది.

కథ జూన్ నెలలో మొదలైనది. ఆ నెల 23న బ్రిటను ప్రజలు ఐరోపా కూటమి నుంచి వైదొలగాలని ఓటు వేశారు. ఓట్ల లెక్కింపు మొదలైన రాత్రి ఒకటిన్నర డాలర్లు పలికిన పౌను, తెల్లవారేసరికి 1985 తరువాత ఎన్నడూ లేనంత దిగువకు జారింది. అక్టోబరు రెండవ వారానికి ఒక డాలరు ఇరవై రెండు సెంట్ల దగ్గర ఉన్నది. ఓటుకు ముందు 1 యూరో 30 సెంట్లు తెచ్చిన పౌనుకు అప్పుడు 1 యూరో 11 సెంట్లే వచ్చేవి.

పౌను పడడం కొత్త కాదు. 1949 సెప్టెంబరులో 4.03 డాలర్ల నుంచి 2.80కి దించారు. అప్పుడు మన రూపాయి కూడా వెంటే దిగినది, పాకిస్తాన్ రూపాయి దిగలేదు. దానితో తూర్పు బెంగాలు జనపనారకు, కలకత్తా మిల్లులకు మధ్య వ్యాపారమే స్తంభించింది. అదీ ఒక వట్టం తగవే, రెండు ప్రభుత్వాల స్థాయిలో. 1967 నవంబరులో హెరాల్డ్ విల్సన్ మళ్ళీ 2.80 నుంచి 2.40కి దించి, మీ జేబులోని పౌను విలువ తగ్గలేదని ప్రజలకు ధైర్యం చెప్పబోయాడు. దిగుమతి సరుకు తినే దేశంలో ఆ మాట ఎంతకాలం నిలుస్తుంది? ఆ వాక్యం ఆయనను జీవితాంతం వెంటాడింది.

ఈ రెండు తేదీల మధ్య ఒక చట్టం వచ్చింది. మన కథకు అది ముఖ్యం. పూర్వం బ్రిటనులో చాలా సరుకులకు అంగడి ధర తయారీదారే నిర్ణయించేవాడు. దుకాణదారు అంతకు తగ్గించి అమ్మితే సరుకు పంపడం మానేసేవాడు. ఆ పద్ధతికి ఎదురు నిలిచిన వర్తకులలో జాక్ కోహెన్ ఒకడు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చి 1919లో తూర్పు లండనులో సంత బల్ల మీద అమ్మకం మొదలుపెట్టి, టెస్కో సంస్థను కట్టినవాడు. 1964లో ఎడ్వర్డ్ హీత్ తెచ్చిన చట్టంతో తయారీదారుల ఆ అధికారం చాలావరకు పోయింది. అప్పటినుంచి బలం మెల్లమెల్లగా కర్మాగారం నుంచి అంగడి వైపు జరిగింది. 2016 నాటికి బ్రిటనులో ఇళ్ళకు వెళ్ళే కిరాణాలో నాలుగవ వంతుకు మించి టెస్కో ద్వారానే వెళ్ళేది.

ఎదుటి పక్షం యూనిలీవర్. ఒక ఇంగ్లీషు సబ్బుల కంపెనీ, ఒక డచ్చి వనస్పతి కంపెనీ కలిసి 1930లో ఏర్పడిన సంస్థ. మన ఇళ్ళలో లైఫ్‌బాయ్, సర్ఫ్ ఎరుగనివారెవరు? పౌను పడినందువల్ల తమ ఖర్చులు పెరిగాయని, సుమారు పది శాతం ధర పెంచాలని ఆ సంస్థ అంగళ్ళను అడిగింది. టెస్కో ఒప్పుకోలేదు. అక్టోబరు 12 నాటికి మార్మైటుతో సహా యూనిలీవర్ సరుకులు పదుల సంఖ్యలో టెస్కో వెబ్‌సైటులో కనబడకుండా పోయాయి. అప్పటి టెస్కో అధిపతి డేవ్ లూయిస్ అంతకుముందు యూనిలీవర్‌లోనే మూడు దశాబ్దాలకు దగ్గరగా పనిచేసినవాడు. ఏ సీసాకు ఎంత ఖర్చవుతుందో, దానిలో లాభమెంతో అవతలివారికి తెలిసినంతా ఆయనకూ తెలుసు. బెజవాడ టోకు వర్తకుడి గుమాస్తా వచ్చి మధిరలో కొట్టు పెట్టినట్లు!

టెలివిజనులో అందరూ వేసిన ప్రశ్న ఒక్కటే. మార్మైటు తయారయ్యేది ఇంగ్లండు నడిబొడ్డున, బర్టన్ ఆన్ ట్రెంట్ అనే బీరు పట్టణంలో. దాని ముడిసరుకు ఆ సారాయి బట్టీల మడ్డి. డాలరుతో దానికేమి పని?

ప్రశ్న న్యాయమైనదే, కాని జవాబు రెండు అంతస్తులలో ఉన్నది. మొదటిది అందరికీ అర్థమయ్యేది. పెద్ద సంస్థ ఒక్క సీసాకు బేరమాడదు, మొత్తం సరుకులకు కలిపి ఆడుతుంది. టీ ఆకు, నూనెలు, సబ్బుకు కావలసిన రసాయనాలు బయటినుంచే రావాలి. వాటి ధర డాలర్లలోనో యూరోలలోనో ఉంటుంది. రెండవ అంతస్తు కొంచెం చీకటి. యూనిలీవర్ తన లెక్కలు చూపేది యూరోలలో. బ్రిటనులో నూరు పౌన్ల సరుకు అమ్మితే జూన్‌లో 130 యూరోలుగా కనిపించినది అక్టోబరులో 111గా కనిపిస్తుంది. సరుకు తగ్గలేదు, ఖర్చు పెరగలేదు అనుకున్నా సరే, చిఠ్ఠాలో అంకె మాత్రం కుంచించుకుపోతుంది. ఆ లోటును పూడ్చడానికి ఇంగ్లీషు ఇల్లాలి దగ్గర ఎక్కువ వసూలు చేయవచ్చునా? ఆ తరువాతి వారాలలో లూయిస్ బహిరంగంగా అన్నది ఇదే: మీ లెక్కల నాణెం నిలబడడానికి మా కొనుగోలుదారులను ఎక్కువ ఇమ్మనకండి అని. మొదటి రకం వట్టం నిజమైన తరుగు, రెండవది కాగితం మీది తరుగు. బేరంలో రెండూ ఒకే పేరుతో వస్తాయి. దుకాణదారుడి పక్షాన ఉండడం నాకు వంశపారంపర్యం గనుక, ఈ విషయంలో నా తూకం కొంచెం ఒరిగి ఉండవచ్చు.

తగవు ఒక్క రోజులో తీరింది. 13వ తేదీ సాయంత్రానికల్లా రాజీ కుదిరినదని ప్రకటించారు. షరతులు బయటపెట్టలేదు. ఆ ఒక్క రోజులోనే రెండు సంస్థల వాటాల ధరలూ పడ్డాయి. నెల ముగియకముందే మోరిసన్స్ అనే మరొక అంగళ్ళ సంస్థలో మార్మైటు సీసా ధర పన్నెండు శాతానికి పైగా పెరిగిందని పత్రికలు రాశాయి.

రెండు ఏనుగులు పోట్లాడుకున్నాయి గనుక అందరూ చూశారు. టెస్కోకు దోసకాయలు పండించి ఇచ్చే రైతు, పచ్చళ్ళు పట్టి ఇచ్చే చిన్న కార్ఖానా యజమాని పది శాతం అడిగితే ఏ టెలివిజను వస్తుంది? ఇటువంటివారి కోసమే బ్రిటను ప్రభుత్వం పెద్ద అంగళ్ళకు ఒక నియమావళి పెట్టి, 2013లో చట్టం చేసి, ఒక న్యాయనిర్ణేతను నియమించింది. మొదట ఆ పదవిలో కూర్చున్నది క్రిస్టీన్ టేకన్ అనే ఆమె. మార్మైటు గొడవకు తొమ్మిది నెలల ముందు, 2016 జనవరిలో, సరఫరాదారులకు ఇవ్వవలసిన సొమ్మును టెస్కో తెలిసి తెలిసి ఆలస్యం చేసిందని ఆమె తీర్పు చెప్పింది. అయితే ధర ఎంత ఉండాలన్నది మాత్రం ఆమె పరిధిలోనిది కాదు. ఒప్పుకున్న సొమ్ము వేళకు ఇప్పించగలదు గాని వట్టం ఎవరిదో తేల్చలేదు.

తేలినది అంగడి బల్ల దగ్గరనే, అదీ నెమ్మదిగా. పెద్ద సంస్థలు ఆరు నెలలకో ఏడాదికో మారకపు రేటును ముందుగా కుదుర్చుకొని ఉంటాయి. ఆ ఒప్పందాలు తీరిన కొద్దీ కొత్త రేటు బయటపడుతుంది. బ్రిటనులో ధరల పెరుగుదల 2016 జూన్‌లో ఏడాదికి అర శాతం, 2017 నవంబరులో 3.1 శాతం. ఆ ఓటు వల్ల పెరిగిన ధరలతో సగటు కుటుంబానికి ఏడాదికి 404 పౌన్ల భారం పడిందని లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన పరిశోధకులు 2017లో లెక్కగట్టారు. ధర పెంచకుండా సరుకు తగ్గించినవారూ ఉన్నారు. టోబ్లరోన్ అనే స్విస్ చాక్లెట్టు 2016 నవంబరులో పళ్ళు ఊడిన దువ్వెనలాగా కనిపించింది. 400 గ్రాముల కడ్డీ 360 గ్రాములైంది. ఓటుకూ దీనికీ సంబంధం లేదని, ముడిసరుకు ధరలే కారణమని కంపెనీ చెప్పుకొన్నది.

మా ఇంటి సంగతి కూడా చెప్పాలి. మా అమ్మాయి పైచదువుకు నేను ఖమ్మంలో బ్యాంకు అప్పు తీసుకున్నాను. నెలకు ఇరవై నాలుగు వేలు వాయిదా. ఉద్యోగం వచ్చిన నాటినుంచి నెలకు 250 పౌన్లు పంపి తానే తీరుస్తున్నది. పౌను నూరు రూపాయలకు దగ్గరగా ఉన్నన్నాళ్ళు వాయిదా పోగా కొంత మిగిలేది కూడా. అక్టోబరులో పౌను ఎనభై ఒక్క రూపాయలకు వచ్చేసరికి అదే సొమ్ము ఇరవై వేల చిల్లర. అమ్మాయి కాగితం మీద లెక్క వేసి, "నాన్నా, ఈ నెల నుంచి 300 పంపుతాను" అన్నది. వారి ఇంటద్దె పెరిగిందని, సరుకుల బిల్లు పెరుగుతున్నదని అంతకుముందే అల్లుడుగారితో అంటుండగా విన్నాను.

"వద్దులే అమ్మా, ఆ తేడా నా పింఛనులో నేను చూసుకుంటాను" అన్నాను. కాసేపు ఇద్దరమూ వాదించుకున్నాము. చివరికి నేనే గెలిచాను. ఆ రాత్రి డైరీలో తేదీ వేసి, పద్దు రాసి, పక్కన "వట్టం మనది" అని రాసుకున్నాను.